గరిటె చప్పుడు

ప్రతి గురువారం మా ఆయన ఇల్పో స్నేహితులు మా పెరట్లోని సౌనాకి వస్తారు. మగవాళ్ళంతా బట్టలు విప్పి ఆ వేడి కొయ్యగదిలో మెట్ల మీద కూచుని చెమటలు కారుస్తుంటే, పక్కగదిలో నేను బఠానీ సూపు కలుపుతూ ఉంటాను. మధ్యలో ఉన్నది ఒక పలచటి చెక్క గోడ. వాళ్ళు అనే ప్రతి మాటా నాకు వినపడుతుంది. ఇన్నేళ్ళలో ఆ గోడ మందం చేయించాలని ఇల్పోకి తోచలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.

అందరూ ఒకే కంపెనీలో పనిచేసినవాళ్ళు. ఒకప్పుడు ఉత్తరాన మంచుదేశంలోని మా ఔలు ఊళ్ళో ఏ ఇంటి తలుపు కొట్టినా ఫోన్ల ఇంజనీరే వచ్చి తలుపు తీసేవాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వీళ్ళు ఏడాదిలో సగం పరాయి ఊళ్ళ హోటళ్ళలో గడిపారు. ప్రపంచంలోని ఫోన్లన్నీ టవర్లతో ఏ పద్ధతిలో మాట్లాడాలో ఆ మీటింగుల్లో తేలుస్తారు. తేల్చినదాన్ని స్టాండర్డు అంటారు. అక్కడ ఓట్లు వెయ్యరు. అధ్యక్షుడు "అభ్యంతరం ఉందా?" అని అడుగుతాడు. ఎవరూ నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టే, బల్ల మీద సుత్తి కొట్టేస్తాడు. ఒక్కడు ఉందన్నా అది అక్కడితో ఆగిపోవలసిందే.

తౌనో అలాంటి మీటింగులకి అధ్యక్షుడుగా ఉండేవాడు. రిటైరయ్యాక అధ్యక్షత వహించడానికి ఇంకేమీ దొరక్క మా సౌనాని పట్టుకున్నాడు. ఆవిరి కోసం కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసే గరిటే ఇక్కడ అతని సుత్తి. "అభ్యంతరం ఉందా? లేదు. సరే." అని, కొయ్య బకెట్టు అంచు మీద టక్కున కొడతాడు. వచ్చే వారం బీరు ఎవరు తేవాలన్నదీ అలాగే తేలుతుంది. అందరూ కలిసి దాచిన క్లబ్బు డబ్బు ఎక్కడ పెట్టాలన్నదీ అలాగే తేలుతుంది.

పోయిన శరదృతువులో ఒక గురువారం తౌనో కొత్త కబురు తెచ్చాడు.

"లక్సెంబర్గ్‌లో ఒక ఫండు ఉందిరా. మన కంపెనీ పాత పేటెంట్లన్నీ మూటగట్టి అమ్మేసింది కదా, అవి ఇప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నాయి. వాడుకుంటూ డబ్బు కట్టనివాళ్ళ మీద వాళ్ళు కేసులు వేస్తారు. కేసు నడపాలంటే పెట్టుబడి కావాలి. మనం పెడితే, గెలిచినప్పుడల్లా మనకీ వాటా వస్తుంది."

"కోర్టు కేసుల మీద పందెం కాయడమా?" అన్నాడు వెస. వేడికి ఆగలేడు గనక అతను ఎప్పుడూ కింది మెట్టు మీదే కూచుంటాడు. "మా మామయ్య గుర్రాల మీద కాసేవాడు. కనీసం గుర్రానికి గడ్డయినా దొరికేది."

"పందెం కాదు, అద్దె. ఆ బుర్రలు ఎవరివి? మనవి. కంపెనీ మనకేమిచ్చింది? తలా ఒక ఇత్తడి పలకా, ఒక కప్పు కాఫీ."

"కేసులు ఎవరి మీద వేస్తారు?"

"పెద్దవాళ్ళ మీద. నీలాంటివాళ్ళ ఊళ్ళకి ఊళ్ళే కొనెయ్యగలిగేవాళ్ళ మీద. వాళ్ళ కోసం ఏడుస్తావా ఏంటి?"

ఎవరూ ఏడవలేదు. తౌనో మళ్ళీ అందుకున్నాడు. "ఆ మూటలో నావి ఉన్నాయి. వెసది ఒకటుంది. ఇల్పో, నీ నిద్ర పేటెంటు మొదటి వరసలోనే ఉంది. స్టాండర్డుకి తప్పనిసరి అని రాసి ఉంది." అని ఆగాడు. రాళ్ళ మీద నీళ్ళు పోసిన చప్పుడు, బుస్సుమని ఆవిరి లేచిన చప్పుడు వినపడ్డాయి. ఇల్పో ఏమీ అనలేదు.

"అభ్యంతరం ఉందా? లేదు. సరే." టక్.

నేను సూపులో ఆవాల ముద్ద కలుపుతూ ముసిముసిగా నవ్వుకున్నాను. నాకు గర్వంగా ఉంది, దాచుకోవడం దేనికి? మా ఇంటి వాకిట్లో, చెప్పుల అర పైన, పేటెంటు వచ్చిన గుర్తుగా కంపెనీ ఇచ్చిన ఆ ఇత్తడి పలక వేలాడుతూ ఉండేది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ దాని ముందు నిలబెట్టేదాన్ని. చిన్న చిన్న పరికరాలు ఎక్కువసేపు నిద్రపోయి, అప్పుడప్పుడూ మేలుకుని టవరుని పలకరించి, మళ్ళీ నిద్రపోతాయట. అందుకే చిన్న బ్యాటరీతో ఏళ్ళ తరబడి పనిచేస్తాయట. ఆ నిద్ర మా ఆయన కనిపెట్టిందే. "మీ చేతిలో ఫోను కునుకు తీస్తోందంటే ఇల్పో దయే" అని క్రిస్మస్ భోజనాల దగ్గర అతిథులకి చెప్పేదాన్ని. అలా అన్నప్పుడల్లా ఇల్పో లేచి పొయ్యిలో కట్టెలు సర్దేవాడు. వినయం అనుకున్నాను.

మార్చిలో, మంచు ఇంకా కిటికీ ఎత్తున ఉండగా, కైసు మా ఇంటికి వచ్చింది.

కైసు ఇంజనీరుగా మొదటి ఉద్యోగం చేసింది ఇల్పో కిందే. మా దేశంలో మంత్రినైనా పేరు పెట్టే పిలుస్తాం, కానీ ఆ పిల్ల మాత్రం మొదటి రోజునుంచీ ఇల్పోని "మేస్త్రీ" అనేది, సగం వేళాకోళంగా, సగం నిజంగానే. ఫోన్ల విభాగం మూసేసినప్పుడు అందరితో పాటు ఆమె ఉద్యోగమూ పోయింది. సొంతూరు కూసమోకి వెళ్ళిపోయి రెయిన్‌డీర్లకి మెడపట్టీలు తయారు చెయ్యడం మొదలుపెట్టింది. పట్టీలో ఒక బిళ్ళ ఉంటుంది. మంద అడవిలో ఎక్కడ తిరుగుతోందో, ఏది కదలకుండా పడి ఉందో కాపరికి తెలియజేస్తుంది. తర్వాత జర్మనీలో కొండల మీద ఆవులు మేపుకునే రైతులు కూడా అవే పట్టీలు కొనడం మొదలుపెట్టారు. అడవి జంతువుకీ కొండ ఆవుకీ రోజూ ఛార్జింగు పెట్టేవాడు ఉండడు కదా, ఆ బిళ్ళకి నిద్రే ప్రాణం.

వస్తూ వస్తూ గడ్డకట్టిన రెయిన్‌డీర్ మాంసం ముద్ద ఒకటి తెచ్చింది. నేను కాఫీ పెట్టి, ఏలకుల బన్నులు వేడి చేశాను.

"అన్నయ్య పంపాడు, హిల్కా. సన్నగా కోసి బంగాళాదుంపల ముద్దలో వేసుకోమన్నాడు" అంది నాతో. తర్వాత ఇల్పో వైపు తిరిగింది. "మేస్త్రీ, నన్ను కోర్టుకి లాగారు."

ఇల్పో కప్పు కింద పెట్టాడు.

"లక్సెంబర్గ్ కంపెనీ. మ్యూనిక్ కోర్టులో వేశారు. నా పట్టీలు నిద్రపోయే పద్ధతి వాళ్ళ పేటెంటట. పట్టీకింత చొప్పున కట్టమంటున్నారు, లేకపోతే జర్మనీలో నా అమ్మకాలు ఆపించేస్తారట. అక్కడి కోర్టులు ముందు అమ్మకం ఆపేస్తాయి, పేటెంటు మంచి చెడ్డలు తర్వాత వేరే కోర్టు తీరిగ్గా చూస్తుంది. ఆ తర్వాత వచ్చేదాకా నేను బతికుండాలిగా!"

"పెద్దవాళ్ళ మీద కదా వేసేది?" నా నోట్లోంచి వచ్చేసింది. నాకెలా తెలుసని ఆ పిల్ల అడగలేదు.

"ముందు నాలాంటి చిన్నవాళ్ళని పడతారు, హిల్కా. మాకు పోరాడే ఓపిక ఉండదు, సంతకం పెట్టేస్తాం. ఆ సంతకం చూపించి పెద్దవాళ్ళ దగ్గర, 'ఇదుగో, బజార్లో రేటు ఇదీ' అంటారు. నేను వాళ్ళ తూకం రాయిని." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "తమాషా ఏంటో తెలుసా మేస్త్రీ? పేటెంటు మీద నీ పేరుంది."

"ఉంది" అన్నాడు ఇల్పో.

"అందుకే వచ్చా. వకీలు చెప్పినా నాకు ఎక్కదు, నువ్వు చెప్పు. ఒక్కటే అడుగుతా. నీ పద్ధతి స్టాండర్డులోకి వెళ్ళిందా లేదా? వెళ్ళుంటే నేను వాడుతున్నట్టే, నోరు మూసుకుని కట్టేస్తా. వెళ్ళకపోతే ఇల్లు తాకట్టు పెట్టయినా పోరాడతా."

నేను జీవితమంతా కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేశాను. గోడ మీది అక్షరాలు చదవమన్నప్పుడు కొందరు కనపడక ఊహించి చెప్తారు. ఆ ఊహించేవాళ్ళు నాకు తెలిసిపోతారు. అక్షరం మీదినుంచి చూపు ఒక్క క్షణం జారి, మళ్ళీ వెనక్కి వస్తుంది. మా ఆయన చూపు కైసు ముఖం మీదినుంచి జారి, వాకిట్లో పలక వైపు వెళ్ళి, వెనక్కి వచ్చింది.

"వెళ్ళింది" అన్నాడు.

"ఖాయంగా?"

"నా పేటెంటు నాకు తెలీదా, అమ్మాయ్?"

నేను చూశాను. చూసి, "ఇంకో బన్ను తీసుకో తల్లీ" అన్నాను. అప్పటికే ఫండునుంచి త్వరలో మొదటి వాటా వస్తుందని కబురు వచ్చి ఉంది. దానితో వరండా చుట్టూ అద్దాలు బిగించుకోవాలని, చలికాలంలో కూడా అక్కడ కూచుని సముద్రం చూసుకోవాలని, కొలతలు తీసుకెళ్ళడానికి మనిషిని పిలిచి ఉన్నాను. ఆ సంగతి ఆ క్షణంలో నా బుర్రలో లేదని అంటే అబద్ధమవుతుంది.

కైసు లేచి, ఇల్పో భుజం తట్టింది. "పోన్లే మేస్త్రీ, కనీసం నీ నిద్రకేగా కడుతున్నాను" అని వెళ్ళిపోయింది.

మే నెలలో కైసు సంతకం పెట్టింది. ఆ కబురు నాకు చెక్క గోడలోంచే తెలిసింది. "మెడపట్టీల కేసు తీర్పుదాకా పోకుండానే తేలిపోయిందిరా, శుభ్రంగా సంతకం పెట్టేశారు" అన్నాడు తౌనో. ఎవరివి ఆ పట్టీలని ఎవరూ అడగలేదు. మా వరండాకి అద్దాలు వచ్చాయి. ఇల్పో అక్కడ కూచునేవాడు కాదు. ఎండ కళ్ళలో పడుతోందనేవాడు. ఒక రోజు బజారునుంచి తిరిగి వచ్చేసరికి వాకిట్లో చెప్పుల అర పైన గోడ ఖాళీగా ఉంది.

"పలకేదీ?" అన్నాను.

"మేకు వదులైంది."

"మేకు అక్కడే గట్టిగా ఉంది కదా, ఇల్పో."

బదులు చెప్పకుండా కట్టెలు కొట్టడానికి వెళ్ళాడు. జూన్ నెలలో కట్టెలు కొట్టే మొగుడికి ఏదో అయిందని ఏ పెళ్ళానికైనా తెలుస్తుంది. శనివారం మేమిద్దరమే సౌనాలో కూచుంటాం. ఆ శనివారం తలుపు మూసి, గరిటె నా చేతిలోకి తీసుకున్నాను.

"చెప్తావా, లేక ఉడికించమంటావా?"

ఆవిరి చల్లబడేదాకా ఆగి చెప్పాడు.

"నా పద్ధతి లోపలికి వెళ్ళలేదు, హిల్కా."

"ఎక్కడికి?"

"స్టాండర్డులోకి. పడుకునేవాడే తన అలారం తను పెట్టుకుంటాడన్నది నా పద్ధతి. ఎప్పుడు లేపాలో తల్లే తేలుస్తుందన్నది అవతలి కంపెనీది. పరికరం పడుకునేవాడు, టవరు తల్లి. లిస్బన్ మీటింగులో వాళ్ళదే బాగుందని అందరికీ అర్థమైపోయింది. నాకూ అయింది. నేనే లేచి నాది వెనక్కి తీసుకున్నాను."

"మరి పలక?"

"పేటెంటు అంతకు ముందే రాసిచ్చారు. పలక ప్రతి పేటెంటుకీ ఇస్తారు, ఎవడైనా వాడినా వాడకపోయినా."

"మరి తప్పనిసరి అని ఎందుకు రాశారు?"

"అందరం అన్నీ అలాగే రాసేవాళ్ళం. ఒకటి రాయడం మరిచిపోతే తర్వాత కొంప మునుగుతుంది, ఎక్కువ రాస్తే అడిగేవాడు లేడు. లోపలున్నదీ లేనిదీ ఎవడూ సరిచూడడు. నా దగ్గరికి కాగితం వస్తే నేనూ సంతకం పెట్టాను."

ఇన్నేళ్ళు అతిథులందరినీ ఏ పలక ముందు నిలబెట్టానో తలుచుకుంటే నాకు ఒళ్ళు మండింది. "నాకు ఒక్కసారైనా చెప్పలేకపోయావా? వెర్రిదానిలా ఊరంతా చాటాను కదా!"

"నువ్వు అంత మురిసిపోతుంటే ఎలా చెప్పను?" అన్నాడు. ఇంకాసేపటికి, "ఆ రోజు కైసు నా ముఖంలోకి చూస్తూ అడిగింది. లేదు అంటే నా బతుకంతా లేదు అన్నట్టు అనిపించింది. ఉంది అనేశాను" అన్నాడు.

నాకు ఆయన మీద కోపం, ఆయనని చూస్తే జాలి, రెండూ ఒకేసారి వచ్చాయి. కానీ వాటికంటే ముందు భయం వేసింది. ఎందుకంటే ఆయన చెప్పింది నాకు కొత్త కాదు. మార్చిలో కాఫీ బల్ల దగ్గరే నాకు సగం తెలుసు. మిగతా సగం తెలుసుకోవాలని నేను అడగలేదు.

మర్నాడే కూసమోకి బయల్దేరాం. లిస్బన్‌లో జరిగినదంతా ఇల్పో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి జేబులో పెట్టుకున్నాడు. దారి పొడుగునా ఇద్దరం మాట్లాడుకోలేదు. రోడ్డుకి అడ్డంగా రెయిన్‌డీర్ల గుంపు నిలబడితే కారు ఆపి వాటి మెడల వంక చూశాం. కొన్నిటికి పట్టీలున్నాయి.

కైసు పనిశాల ఒకప్పుడు పల్లెబడి. కుట్టుమిషన్లున్న గదిలో ఇప్పుడు మిషన్లు లేవు, నేల మీద వాటి కాళ్ళ గుర్తులున్నాయి. ఆమె అట్టపెట్టెలకి టేపు అంటిస్తోంది. మమ్మల్ని చూసి ముఖం వెలిగిపోయింది. అది చూడడం కంటే నాలుగు తిట్లు తినడం నయమనిపించింది.

"మేస్త్రీ! ముందు చెప్పుంటే చేప పులుసైనా పెట్టేదాన్ని కదా. కూచోండి, పెట్టెల మీదే కూచోవాలి, కుర్చీలు అమ్మేశా."

"మూసేస్తున్నావా?" అన్నాను.

"వాళ్ళకి పట్టీకింత చొప్పున కట్టాక నాకు మిగిలేదేమీ లేదు, హిల్కా. జర్మనీ రైతులకి ధర పెంచితే వాళ్ళు వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. కుట్టే ఇద్దరినీ మొన్న పంపేశా. చలికాలంనుంచి స్కీ కొండ దగ్గర టిక్కెట్లు అమ్మే పని దొరికింది. అన్నయ్య మంద పట్టీలు బ్యాటరీలు ఉన్నంత కాలం నడుస్తాయి."

ఇల్పో నిలబడే చెప్పాడు. లిస్బన్ సంగతి, పలక సంగతి, ఆ రోజు బల్ల దగ్గర అబద్ధం చెప్పిన సంగతి, అన్నీ. చివర, "ఆ ఫండులో మా డబ్బూ ఉంది. నీ మీద కేసు నడిచింది మా డబ్బుతోనే" అని కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇది మీ వకీలుకి ఇవ్వు. కోర్టులోనైనా వచ్చి చెప్తాను."

కైసు కాగితం చదివింది. చేతిలో టేపు చుట్ట అలాగే ఉంది.

"ఇది పనికిరాదు, మేస్త్రీ" అంది నెమ్మదిగా. "సంతకం పెట్టినప్పుడే రాయించుకున్నారు, ఈ పేటెంటు మీద నేను మళ్ళీ ఎప్పుడూ నోరెత్తకూడదని."

ఇల్పో గోడకి చేయి ఆనించుకున్నాడు.

"మా వకీలు పోరాడమనే అన్నాడు, తెలుసా? స్టాండర్డు చదివితే పద్ధతి వేరేగా కనిపిస్తోంది, మీవి దీని కిందికి రావేమో అన్నాడు. నేనే అతని మీద కోప్పడ్డాను. కనిపెట్టినవాడే అందులో ఉందంటుంటే నడుమ నువ్వెవడివయ్యా అన్నాను. పాపం, క్షమాపణ చెప్పాడు."

అరిచినా బాగుండేది. అరవలేదు. మాకు కాఫీ పోసి ఇచ్చింది, అట్టపెట్టె మీద పెట్టి. నేను తాగలేకపోయాను. పెట్టెల మీద రాసి ఉన్న జర్మన్ పేర్లు చదువుతూ కూచున్నాను. నా వరండా అద్దాల వెల ఎన్ని పట్టీల మీదినుంచి వచ్చి ఉంటుందన్న ఆలోచన ఎంత తోసినా పోలేదు.

"కైసూ, నేను కూడా ఆ రోజు..." అని మొదలుపెట్టాను. ఆమె నా వైపు చూసింది. మిగతాది చెప్పకుండా నా సంచి అందుకున్నాను.

లేస్తుంటే ఆమె ఇల్పోని అడిగింది. "మీ క్లబ్బువాళ్ళకి చెప్పావా?"

"ఇంకా లేదు. ముందు నీకే చెప్పాలని."

"నాకు చెప్పడం తేలిక, మేస్త్రీ. నా దగ్గర ఇంక పోవడానికేముంది? వాళ్ళకి చెప్పు." ఆ కాగితం మడిచి మళ్ళీ ఆయన జేబులో పెట్టి, జేబు మీద తట్టింది, మార్చిలో భుజం తట్టినట్టే.

గురువారం వచ్చింది. నేను బఠానీలు ముందు రోజే నానబెట్టాను. తౌనో బీరు పెట్టె మోసుకుంటూ హుషారుగా వచ్చాడు. "హిల్కా, నీ వరండా చూసి మా ఆవిడ నన్ను నిద్రపోనివ్వడంలేదు" అన్నాడు. నేను నవ్వలేదు. అందరూ లోపలికి వెళ్ళారు. నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను.

మొదట చేపల కబుర్లు, వెస మోకాలి కబుర్లు అయ్యాయి. తర్వాత తౌనో గొంతు సవరించుకున్నాడు.

"ఫండువాళ్ళు మళ్ళీ అడుగుతున్నారు. పట్టీల రేటు చేతికొచ్చింది కదా, ఇప్పుడు వరసగా వేస్తారట. తర్వాతది నార్వేలో, సముద్రం మీదికి పోయేవాళ్ళ లైఫ్‌జాకెట్లకి బిళ్ళలు చేసే చిన్న కంపెనీ. అదీ నిద్ర పేటెంటు మీదే. ఇల్పో, నువ్వు మా బంగారు బాతువురా, రోజుకో గుడ్డు పెడుతున్నావు. ఈసారి వచ్చే వాటా అలాగే తిరిగి పెట్టేద్దామని నా మాట. అభ్యంతరం ఉందా? లే..."

"ఉంది."

నా చేతిలో గరిటె ఆగింది. అవతల కూడా ఆగి ఉంటుంది, చప్పుడు రాలేదు.

"ఏంటి?" అన్నాడు తౌనో.

"అభ్యంతరం ఉంది. నిద్ర పేటెంటు స్టాండర్డులో లేదు. లేనిదానికి కైసు చేత డబ్బు కట్టించాం. ఆ పట్టీలు కైసువి. నువ్వు ఎరుగుదువు, నా దగ్గర పనిచేసిన పిల్ల. ఆ పిల్ల కొట్టు మూసేసింది. నా కాగితం నార్వేవాళ్ళకి పంపుతున్నాను. మీరు ఏమన్నా అనండి."

"ఒరేయ్ ఇల్పో..."

"లిస్బన్‌లో నేనే వెనక్కి తీసుకున్నాను, తౌనో. నీకు తెలుసు. ఆ రోజు అధ్యక్షుడివి నువ్వే. బల్ల మీద సుత్తి కొట్టింది నువ్వే."

నాకు లోపలికి వెళ్ళి తౌనో చెవి పట్టుకుని లాగుకు రావాలనిపించింది. తర్వాత అతని గొంతు వచ్చింది, అధ్యక్షుడి గొంతు కాదు, ముసలివాడి గొంతు.

"తెలుసు" అన్నాడు. "ఇక్కడ ఫండు సంగతి చెప్పిన రోజు నీ పేరెత్తి ఆగాను కదా. నువ్వేమన్నా అంటావేమోనని ఆగాను. పేటెంటు నీది. నువ్వే ఊరుకుంటే నేనెవణ్ణిరా అనుకున్నాను."

"నేనూ లిస్బన్‌లో ఉన్నాను" అన్నాడు వెస కింది మెట్టు మీదినుంచి. "నాకూ తెలుసు. ఆ మాటకొస్తే నాది కూడా అందులో లేదు."

ఇంకెవరో "నాదీ" అన్నారు. ఎవరి గొంతో పోల్చుకోలేకపోయాను.

బకెట్టులో గరిటె మెల్లగా జారవిడిచిన చప్పుడు అయింది. ఎవరూ బయటికి రాలేదు. సూపు అడుగంటుతున్న వాసన వస్తున్నా నేను పొయ్యి ఆర్పలేదు. వాళ్ళందరికీ తెలుసు. గోడకి ఇవతల నిలబడ్డ నాకూ తెలుసు. మార్చిలో తెలియనిది కైసు ఒక్కదానికే. మమ్మల్ని నోరు తెరిచి అడిగిందీ ఆ పిల్ల ఒక్కతే.